మోటారు రంపం వెనుక కబేళా

టోబ్ హూపర్ తక్కువ డబ్బుతో తీసిన అమెరికన్ చిత్రం ‘ది టెక్సాస్ చైన్ సా మాసకర్’ (1974)ను వట్టి నెత్తుటి సినిమాగా కొట్టిపారెయ్యడం నాకు సమ్మతం కాదు. తెరమీద నెత్తురు తక్కువే. 16 మిల్లీమీటర్ల ఫిల్ము గరుకుదనమూ, టెక్సాస్ ఎండా కలిసి భయం పుట్టిస్తాయి.

హంతకులది కబేళా కుటుంబం. సమ్మెట పోయి యంత్రం వచ్చాక మనుషులకు పని పోయిందని వాళ్లలో ఒకడు, దారిలో వ్యానెక్కినప్పుడు చెబుతాడు. చివర్లో, బందీ అయిన శాలీని చంపమని ముసలితాత చేతికి సుత్తి అందిస్తారు. అది పట్టుతప్పి జారిపోతూనే ఉంటుంది. అక్కరలేకుండా పోయిన పనితనాన్ని ఇంత భయంకరంగా చూపిన దృశ్యం నేను మరొకటి చూడలేదు.

అయితే పని పోయినవాడు రాక్షసుడయ్యాడు. పని తీసేసిన యజమాని తెరమీదికే రాలేదు. చచ్చే పడుచువాళ్లలో చక్రాల కుర్చీలోని ఫ్రాంక్లిన్‌కు తప్ప (సణుగుడు ఎక్కువే అనుకోండి) ఎవరికీ వ్యక్తిత్వం లేదు. శాలీకైతే అరుపులే మిగిల్చారు.