వ్యసనం నుంచి బయటపడే దారిలో మట్టి ముద్ద, పాట, నాటకం

ఢిల్లీ మెట్రో బ్లూ లైన్ శాఖల్లో ఒకటి వైశాలి స్టేషన్‌తో ముగుస్తుంది. వైశాలి ఉత్తరప్రదేశ్‌లోని ఘాజియాబాద్‌లో భాగం. మత్తు వ్యసనాలకు చికిత్స చేసే ఎయిమ్స్ జాతీయ కేంద్రం కూడా ఈ నగరంలోనే ఉంది. దేశంలో మద్యం, మాదక ద్రవ్యాల వాడకంపై జరిగిన భారీ సర్వేకు ఆ కేంద్రమే నాయకత్వం వహించింది. 2019లో వెలువడిన నివేదిక ప్రకారం దేశంలో సుమారు 5.7 కోట్ల మందికి మద్యం వల్ల కలిగిన సమస్యలకు సహాయం అవసరం. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక రూపంలో చికిత్స అందుతోంది.

చికిత్స అందిన వారికి కూడా అసలు పరీక్ష తరువాతే మొదలవుతుంది. ఆసుపత్రిలో మందులతో శరీరం కుదుటపడుతుంది. ఇంటికి వచ్చాక మళ్లీ అదే వీధి, అదే వైన్ షాపు, అదే సాయంత్రం ఏడు గంటలు. ఆ గంటను ఎలా దాటాలన్న ప్రశ్నకు బొమ్మలు వేయడం, మట్టితో ఆకారాలు చేయడం, పాట, నాటకం వంటి కళలు కొంతవరకు జవాబు ఇవ్వగలవని పరిశోధనలు సూచిస్తున్నాయి.

కోరిక ఒక బొమ్మలా వస్తుంది

తాగాలన్న కోరిక సాధారణంగా మాటల రూపంలో రాదు. గ్లాసు కళ్లముందు కదులుతుంది, వాసన గుర్తుకొస్తుంది, మొదటి గుటక గొంతులో దిగినట్టే అనిపిస్తుంది. ఈ ఊహాచిత్రం ఎంత స్పష్టంగా ఉంటే కోరిక అంత బలంగా ఉంటుంది. అయితే మనసులో బొమ్మలు నిలుపుకునే తాత్కాలిక జ్ఞాపకశక్తికి చోటు చాలా తక్కువ. దాన్ని మరో దృశ్యంతో నింపితే మొదటిది మసకబారుతుంది.

బ్రిటన్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ ఆలోచనను పరీక్షించారు. 2012లో ప్రచురించిన అధ్యయనంలో మట్టిలాంటి మెత్తని పదార్థంతో ఆకారాలు చేసినవారికి చాక్లెట్ తినాలన్న కోరిక తగ్గింది. 2015లో 31 మంది యువతీయువకులతో నిత్య జీవితంలోనే మరో ప్రయోగం చేశారు. రంగు దిమ్మెలను పేర్చే టెట్రిస్ ఆటను మూడు నిమిషాలు ఆడితే ఆహారం, కాఫీ, సిగరెట్, మద్యం వంటి వాటిపై కోరిక తీవ్రత సగటున 70 శాతం నుంచి 56 శాతానికి పడిపోయింది. ఇవి చిన్న అధ్యయనాలు. వీటిలో పాల్గొన్నవారు చికిత్స పొందుతున్న రోగులు కూడా కారు. అయినా చేతిలోని మట్టి, కాగితంపై గీత ఎందుకు పనిచేయగలవో ఇవి చూపుతున్నాయి. కోరిక కెరటంలా లేచి, కాసేపటికి తగ్గుతుంది. ఆ కాసేపు కన్నూ చెయ్యీ వేరే పనిలో ఉంటే చాలు.

మెదడుకు మళ్లీ రుచి

మత్తు పదార్థాలు మెదడులోని ఆనంద వ్యవస్థలో డోపమైన్‌ను అసహజంగా పెంచుతాయి. చాలాకాలం వాడితే ఆ వ్యవస్థ మొద్దుబారుతుంది. అందుకే మానేసిన తొలి నెలల్లో భోజనం, పిల్లల ఆట, కబుర్లు అన్నీ చప్పగా అనిపిస్తాయి. మళ్లీ తాగడానికి ఈ చప్పదనమూ ఒక కారణం. ఒళ్లు పులకరించే సంగీతం విన్నప్పుడు మెదడులోని ఇదే వ్యవస్థలో డోపమైన్ విడుదలవుతుందని కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2011లో చూపించారు. మత్తుతో పోలిస్తే అది చిన్న మోతాదే, కానీ హాని చేయని మోతాదు.

సంగీత చికిత్సపై జరిగిన 21 ప్రయోగాలను 2022లో కొక్రేన్ సంస్థ సమీక్షించింది. వీటిలో సుమారు రెండు వేల మంది పాల్గొన్నారు. మామూలు చికిత్సకు సంగీతాన్ని జోడించినప్పుడు కోరిక ఒక మోస్తరుగా తగ్గింది, మారాలన్న పట్టుదల కొంత పెరిగింది. కుంగుబాటు తగ్గిందనడానికి మాత్రం స్పష్టమైన ఆధారం దొరకలేదు. చిత్రలేఖనం, నాటకాలపై ఇంతటి పరీక్షలు ఇంకా జరగాల్సి ఉంది.

పాట విషయంలో ఒక జాగ్రత్త అవసరం. స్నేహితులతో తాగుతూ విన్న పాటే మళ్లీ వినిపిస్తే కోరిక రగలవచ్చు. అందుకే శిక్షణ పొందిన చికిత్సకులు ముందుగా రోగి పాత పాటల గురించి అడుగుతారు.

నోరు విప్పించే పని

వ్యసనంతో పాటు సిగ్గు కూడా ఉంటుంది. భార్యను కొట్టాను, పిల్ల ఫీజు డబ్బు తాగేశాను అని నలుగురిలో చెప్పడం కష్టం. అదే సంగతిని బొమ్మగా వేయడం, ఒక పాత్ర నోట పలికించడం కొంత తేలిక. బొమ్మ అందంగా ఉండనక్కర్లేదు. దానికి మార్కులు వేయరు. దాన్ని చూస్తూ మాట మొదలైతే చాలు. నాటకానికి మరో ఉపయోగం ఉంది. పెళ్లి విందులో 'ఒక్క పెగ్గే కదరా' అని బలవంతం చేసే మిత్రుడికి ఎలా బదులివ్వాలో ముందే నటించి చూసుకోవచ్చు. వద్దనడం కూడా సాధనతో వచ్చే విద్యే.

కథ సమాజాన్ని సైతం కదిలించగలదని తెలుగువారికి తెలుసు. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన మహిళలు పాఠంలోని కథలో తమ బతుకునే చూసుకున్నారు. అక్కడ రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమలులోకి వచ్చింది. అయితే దుకాణం మూతపడినంత మాత్రాన శరీరంలోని వ్యసనం పోదు.

కళ మందుకు బదులు కాదు

ఈ తేడా తెలియకపోతే ప్రాణాలకే ముప్పు. రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే మూర్ఛ, మతిభ్రమణ రావచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వల్ల కల్లు దొరక్క హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటి లక్షణాలతో చాలామంది వచ్చారు. హెరాయిన్ వంటి వాటికి అలవాటుపడిన వారికి బుప్రెనార్ఫిన్, మెథడోన్ వంటి మందులే చికిత్సకు వెన్నెముక. కొంతకాలం మానేశాక పాత మోతాదు తీసుకుంటే శరీరం తట్టుకోలేదు, ఊపిరి ఆగిపోవచ్చు. మందులు అక్కర్లేదు, సంగీతంతోనో రంగులతోనో నయం చేస్తామని చెప్పే కేంద్రాన్ని నమ్మకూడదు.

ముందు వైద్యుడు, ఆ తరువాత కౌన్సెలింగ్, వాటికి తోడుగా కళ. ఇదీ వరుస. ఇంట్లో ఎవరైనా మానే ప్రయత్నంలో ఉంటే, వారికి కోరిక పుట్టే వేళకు ఒక డోలకో, రంగుల పెట్టెో, మట్టి ముద్దో అందుబాటులో ఉంచి, పక్కన కూర్చోవడం కుటుంబం చేయగలిగిన సాయం. సలహా కోసం జాతీయ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు, మానసిక ఆరోగ్య సహాయం కోసం టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.