చక్కెర జబ్బు లెక్కకు హద్దురాయి

కార్ఖానా (సికింద్రాబాద్): సిద్దిపేట, కరీంనగర్ వైపు పల్లెల నుంచి జూబ్లీ బస్‌స్టేషన్‌కు వెళ్లే బస్సులు కార్ఖానా మీదుగానే సాగుతాయి. పట్నంలో పెద్ద డాక్టరుకు చూపించుకుందామని వచ్చే పల్లె జనానికి ఈ దారి బాగా ఎరుకే. చక్కెర జబ్బు పట్నపోళ్లదని, కుర్చీలో కూర్చుని తినేవారిదని, చెమటోడ్చే రైతు దరికి రాదని పల్లెల్లో ఒక నమ్మకం ఏళ్ల తరబడి ఉంది. ఈ నమ్మకంలో నిజమెంతో తేల్చేది లెక్క ఒక్కటే. ప్రపంచమంతా ఆధారం చేసుకున్న అటువంటి లెక్క 2004లో వెలువడింది.

ఎవరి లెక్క?

బ్రిటన్‌లోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకురాలు సారా వైల్డ్, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన గోయ్‌కా రోగ్లిచ్, మరి ముగ్గురు కలిసి రాసిన వ్యాసం ఆ ఏడాది మే నెలలో 'డయాబెటిస్ కేర్' అనే వైద్య పత్రికలో అచ్చయింది. 2000లో ప్రపంచం మొత్తం మీద 17 కోట్ల 10 లక్షల మందికి ఈ జబ్బు ఉందని, 2030 నాటికి ఆ సంఖ్య 36 కోట్ల 60 లక్షలకు చేరుతుందని వారు అంచనా వేశారు. మన దేశంలో 3 కోట్ల 17 లక్షల మంది ఉన్నారని, వారు 7 కోట్ల 94 లక్షలు అవుతారని చెప్పారు. రెండు లెక్కల్లోనూ భారత్‌దే మొదటి స్థానం.

ఒక పరిశోధకుడు ఒక సంగతి తేల్చితే, తర్వాత రాసేవారు 'ఫలానావారు ఇలా చెప్పారు' అని పేరు పెట్టి ఉదహరిస్తారు. ఎంతమంది ఉదహరిస్తే ఆ వ్యాసానికి అంత పలుకుబడి. సారా వైల్డ్ బృందం వ్యాసాన్ని ఉదహరించిన రచనలు పదివేలకు పైమాటే. పొలాల కొలతకు హద్దురాయి ఎటువంటిదో చక్కెర జబ్బు లెక్కలకు ఈ వ్యాసం అటువంటిదయింది. అయితే పదిమందీ ఒకే రాయి నుంచి కొలిచినంత మాత్రాన ఆ రాయి సరైన చోటనే ఉన్నట్లు కాదు.

పునాది చిన్న సర్వేలే

ఈ లెక్క కోసం దేశదేశాల్లో ఇంటింటికీ తిరగలేదు. కొన్ని దేశాల్లో అప్పటికే జరిగిన సర్వేల నుంచి ఏ వయసువారిలో ఎంత శాతం జబ్బు ఉందో తీసుకుని, ఐక్యరాజ్య సమితి జనాభా అంచనాలకు వర్తింపజేశారు. సర్వేలు లేని దేశాలకు, వాటిని పోలిన దేశాల శాతాలను వాడారు. అంటే ఇటువంటి పెద్ద లెక్కకు ఎక్కడో ఒక ఊళ్లో, ఒక పట్టణంలో జరిగిన చిన్న సర్వేలే ఆధారం.

తెలుగునాట అటువంటి సర్వేలు ముందునుంచే జరిగాయి. 1984లో వెలువడిన తెనాలి పట్టణ సర్వేలో 4.7 శాతం తేలింది. డాక్టర్ పి.వి. రావు బృందం ఏలూరు ప్రాంత పల్లెల్లో జరిపిన సర్వే ఫలితాలు 1989లో అచ్చయ్యాయి. అందులో తేలినది 1.6 శాతమే. పల్లెకు భయం లేదని చాలామంది అనుకునేందుకు ఇటువంటి అంకెలే కారణం. కానీ జబ్బు ఉన్నట్లు అప్పటికే తెలిసినవారినే ఆ సర్వేలో లెక్కించారు. తెలియనివారు లెక్కలోకి రాలేదు.

2000లో ఆరు మహానగరాల్లో రక్తపరీక్షలతో సర్వే చేయగా హైదరాబాద్ అన్నింటినీ మించింది. పెద్దవారిలో 16.6 శాతానికి జబ్బు ఉంది. ఇది నగరం మాట. 2006లో వెలువడిన గోదావరి జిల్లాల సర్వే పల్లె సంగతి బయటపెట్టింది. 20 గ్రామాల్లో 30 ఏళ్లు దాటినవారికి రక్తం పరీక్షించగా 13.2 శాతానికి జబ్బు ఉన్నట్లు తేలింది. వారిలో చాలామందికి పరీక్ష జరిగేదాకా ఆ సంగతి తెలియదు.

అంచనాను దాటిన జబ్బు

2030కి వస్తాయనుకున్న 36 కోట్ల 60 లక్షలు 2011లోనే వచ్చేశాయి. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య ఆ ఏడాది వేసిన అంచనా సరిగ్గా అదే. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో లక్షా 13 వేల మందిని పరీక్షించి 2023లో ప్రకటించిన ఫలితాల ప్రకారం మన దేశంలో 2021 నాటికే రోగులు 10 కోట్ల 10 లక్షలు. మరో 13 కోట్ల 60 లక్షల మంది జబ్బుకు ముందు మెట్టు మీద ఉన్నారు. జబ్బు పట్టణాల్లో 16.4 శాతం, పల్లెల్లో 8.9 శాతం. ముందు మెట్టు మీద ఉన్నవారిలో మాత్రం పల్లెకూ పట్నానికీ తేడా దాదాపు లేదు. రేపటి రోగులు రెండు చోట్లా సమానంగానే తయారవుతున్నారన్నమాట.

సారా వైల్డ్ బృందాన్ని ఇందుకు తప్పుపట్టనక్కరలేదు. ఊబకాయం పెరుగుతున్నందున తమ అంచనా వాస్తవం కంటే తక్కువే కావచ్చునని వారు వ్యాసంలోనే హెచ్చరించారు. అంకెను ఉదహరించినంత తరచుగా ఆ హెచ్చరికను ఎవరూ తలచుకోలేదు.

పల్లెవాసులు ఏం చేయాలి?

లెక్కలో లేని రోగికి మందు కూడా అందదు. ఊళ్లో పదిమందే ఉన్నారని లెక్క ఉంటే పదిమందికి సరిపడా మాత్రలే వస్తాయి. జాతీయ కార్యక్రమం కింద 30 ఏళ్లు దాటినవారికి చక్కెర, రక్తపోటు పరీక్షలు చేయాలన్న నియమం ఉంది. అతిదాహం, పదేపదే మూత్రం, మానని పుండు వంటి గుర్తులు కనబడేదాకా ఆగరాదు. చాలామందికి ఏళ్ల తరబడి ఏ గుర్తూ కనిపించదు. ఈలోగా కళ్లు, మూత్రపిండాలు, కాళ్ల నరాలు దెబ్బతింటాయి.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పరీక్ష పరికరాలు, మాత్రలు ఏడాది పొడవునా ఉండేలా అధికారులు చూడాలి. పేరు రాసుకోవడానికి ఆశా కార్యకర్త ఇంటికి వచ్చినప్పుడు నాకేం జబ్బు లేదని పంపివేయకుండా పల్లెవాసులు వేలు చాపాలి. ఆ ఒక్క రక్తపు చుక్కతోనే ఊరి లెక్క, దేశం లెక్క, ప్రపంచం లెక్క సరి అవుతాయి.