గాలికి దారి చెప్పేదెవరు?

బల్ల మీద రెండు చిన్న సిలిండర్లు, రెండు వాల్వులు, కొన్ని సన్నటి గొట్టాలు, ఒక చేతి పంపు. అన్నీ లెగో ముక్కలే. మోటారు లేదు, బ్యాటరీ లేదు, వైరన్నది మచ్చుకైనా కనపడదు. పంపుని టకటకా నొక్కుతూ పోతే ముందు కాసేపు ఏమీ జరగదు. ఉన్నట్టుండి ఒక సిలిండర్లోంచి కడ్డీ బయటికి తన్నుకొచ్చి పక్కనున్న వాల్వు మీటని నెడుతుంది. తుస్సుమని చిన్న చప్పుడు. ఆ వెంటనే రెండో సిలిండరు చాచుకుని ఇంకో మీటని నెడుతుంది. దాంతో మొదటిది వెనక్కి పోతుంది, దాని వెనకాలే రెండోదీ పోతుంది. అది పోయేసరికి మొదటిది మళ్లీ బయటికి. పంపు కొడుతున్నంతసేపూ ఇదే వరస.

పంపు కొట్టే మనిషి ఇస్తున్నది బలం ఒక్కటే. ఎవరు ఎప్పుడు కదలాలన్న సంగతి అతని చేతిలో లేదు. బొమ్మ ఇటుకలతో గాలి యంత్రాలు కట్టేవాళ్లని ఏళ్ల తరబడి పట్టి ఉంచింది ఈ చిన్న విషయమే. దీన్ని చేసుకోవడానికి కావలసిన ముక్కల్ని కంపెనీయే అమ్మింది గానీ, కంపెనీ వాటిని తయారుచేసింది దీనికోసం కాదు.

లెగో పుట్టిల్లు డెన్మార్క్‌లో బిల్లుండ్ అనే చిన్న ఊరు. ఓలె కిర్క్ క్రిస్టియాన్సెన్ అనే వడ్రంగి 1932లో అక్కడ చెక్క బొమ్మలు చెయ్యడం మొదలుపెట్టాడు. ఆయన కొడుకు గాట్‌ఫ్రెడ్ 1958 జనవరి 28న పేటెంటుకు దరఖాస్తు పెట్టిన ప్లాస్టిక్ ఇటుకే ఇవాళ పిల్లలున్న ఇళ్లలో అరికాలికి గుచ్చుకునేది. 1977లో ఆ ఇటుకలకి పళ్లచక్రాలు, ఇరుసులు తోడయ్యాయి. టెక్నిక్ పేరుతో ఇప్పుడు దొరికే సెట్లకి అదే మూలం. 1984లో వాటి వరసలోకి గాలి వచ్చింది. ఫోర్క్‌లిఫ్టు, మట్టి తవ్వే ఎక్స్‌కవేటర్ లాంటి నమూనాల్లో చేతి పంపు, సిలిండర్లు, గొట్టాలు పెట్టి అమ్మారు.

ఆ మొదటి తరం సిలిండరుకి ఒకటే రంధ్రం. గాలి ఎక్కిస్తే కడ్డీ బయటికొస్తుంది, సరే. మరి లోపలికి పోవాలంటే? అదే రంధ్రంలోంచి గాలిని పీల్చెయ్యాలి. అందుకని పంపుకి ఒక పంపిణీ ముక్క తగిలించారు. గాలిని ఒకవైపుకి మాత్రమే పోనిచ్చే చిన్న అడ్డుతలుపులు దాని లోపల ఉంటాయి. పంపు కొడితే ఒక గొట్టంలో ఒత్తిడి, ఇంకో గొట్టంలో శూన్యం తయారవుతాయి. నెట్టడానికి ఒత్తిడి, లాగడానికి శూన్యం. తెలివైన ఏర్పాటే, కానీ దానికో గట్టు ఉంది. శూన్యం లాగుతుందని అనుకుంటాం గానీ నిజానికి నెట్టేది బయటి వాతావరణం. దాని ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి దాదాపు ఒక కిలో. ఎంత బాగా పీల్చినా అంతకు మించి బలం రాదు. ఎక్కించే ఒత్తిడికి అలాంటి హద్దు లేదు, చేతి ఓపికా గొట్టం ఓపికా ఎంతైతే అంత.

సరిగ్గా ఈ గట్టు దగ్గరే మన రైల్వే కూడా చాలాకాలం ఆగింది. పాత రైళ్లకి వ్యాక్యూమ్ బ్రేకులు ఉండేవి, రైలు పొడవునా గొట్టంలో గాలిని పీల్చి ఉంచేవారు. బరువూ వేగమూ పెరిగేకొద్దీ ఆ ఒక్క కిలో చాలలేదు. ఇప్పటి ఎయిర్ బ్రేకు గొట్టంలో చదరపు సెంటీమీటరుకి 5 కిలోల ఒత్తిడి ఉంటుంది. లెగో వాళ్లు మాత్రం అయిదేళ్లలోనే దారి మార్చుకున్నారు. 1989లో వచ్చిన సిలిండర్లకి అడుగునొకటి, పైనొకటి రెండు రంధ్రాలు. కింద ఎక్కిస్తే పిస్టన్ పైకి, పైన ఎక్కిస్తే కిందికి, శూన్యంతో పనే లేదు. ఇక్కడో చిన్న తేడా గమనించాలి. పిస్టన్‌కి కడ్డీ ఉన్న వైపు ఆ కడ్డీ మందం మేరకు చోటు తగ్గుతుంది. అందుకే ఇది నెట్టినంత గట్టిగా లాగదు. ఎత్తే పని ఎప్పుడూ నెట్టే వైపుకే ఇవ్వాలని కట్టేవాళ్లు త్వరగానే తెలుసుకుంటారు.

లెక్క కావాలంటే, పిస్టన్ వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరు అనుకుందాం. రెండు బార్ (చదరపు సెంటీమీటరుకి దాదాపు రెండు కిలోల) ఒత్తిడి ఎక్కిస్తే దాదాపు రెండు కిలోల బరువును నెట్టేంత బలం వస్తుంది. వేలంత సిలిండరుకి ఇది తక్కువేం కాదు. 1992లో వచ్చిన క్రేన్ లారీలో చేతి పంపు పని కూడా చిన్న మోటారుకి అప్పగించారు. ఆ దశాబ్దంలోనే గాలి నిల్వ చేసుకునే ట్యాంకు కూడా వచ్చింది.

ఇన్ని వచ్చినా కంపెనీ సెట్లలో ఒకటి మాత్రం చాలావరకు మారలేదు. వాల్వు మీట మీద పిల్లాడి వేలు ఉండాల్సిందే. ఈ మీట నొక్కితే తొట్టి లేస్తుంది, ఆ మీట నొక్కితే చెయ్యి చాచుకుంటుంది. యంత్రానికి కండలున్నాయి, బుర్ర మాత్రం మనదే. అభిరుచితో కట్టేవాళ్లు చేసిందల్లా ఆ వేలిని తీసేసి దాని చోట ఇంకో సిలిండర్ని పెట్టడం.

మొట్టమొదటి ఆవిరి యంత్రాల కథ కూడా ఇక్కడినుంచే మలుపు తిరిగింది. 1712లో న్యూకోమెన్ అనే ఆయన కట్టిన యంత్రానికి ఆవిరి వదలడానికీ నీళ్లు చల్లడానికీ వేళ ప్రకారం కుళాయిలు తిప్పాల్సి వచ్చేది. ఆ పనికి పెట్టిన హంఫ్రీ పాటర్ అనే కుర్రాడు విసుగెత్తి, కుళాయిల మీటల్ని తాళ్లతో యంత్రం దూలానికే కట్టేసి ఆటకి పోయాడని ఇంగ్లాండులో ఒక కథ చెప్పుకుంటారు. చరిత్రకారులు దీన్ని పెద్దగా నమ్మరు. కుర్రాడి సంగతి ఎలా ఉన్నా, తన కుళాయిని తానే తిప్పుకునే యంత్రం ఆ కాలంలోనే తయారైంది.

ఇప్పుడు బల్ల మీదున్న ఆ రెండు సిలిండర్ల దగ్గరికి వద్దాం. వాటిని ఏ, బీ అనుకుందాం. లెగో వాల్వుకి మూడు గొట్టాలు తగులుతాయి. మధ్యదాంట్లోంచి గాలి లోపలికొస్తుంది. మీట ఒక వైపు వాలితే ఒక పక్క గొట్టానికి గాలి అందుతుంది, రెండో పక్క గొట్టంలోని పాత గాలి బయటికి పోతుంది. తుస్సుమనేది అదే. మీట అటు వాలితే ఇది తారుమారు. మీట నడిమధ్య ఉంటే మాత్రం రెండు దారులూ మూత.

ఏ కడ్డీ కదిపే వాల్వు బీకి గాలి పంపాలి, బీ కడ్డీ కదిపే వాల్వు ఏకి పంపాలి. ఇంతవరకు అందరూ చేస్తారు. అసలు కిటుకు గొట్టాలు తగిలించడంలో ఉంది. ఏ బయటికొస్తే బీ కూడా బయటికి రావాలి. కానీ బీ బయటికొస్తే ఏ లోపలికి పోవాలి. అంటే ఒక జత గొట్టాలు తిన్నగా, ఇంకో జత అడ్డంగా మార్చి తగిలించాలి. అలా చేస్తే ఆ జంటకి నిలకడ ఉండదు. బీ ఏని అనుసరిస్తుంది, ఏ బీకి ఎదురు తిరుగుతుంది, ఇద్దరికీ ఎప్పటికీ రాజీ కుదరదు. ఆ కుదరకపోవడమే దాని నడక.

అడ్డంగా వేసిన ఆ జత గొట్టాల్ని పీకి తిన్నగా పెట్టామనుకోండి. ఇప్పుడు ఏ బయట ఉంటే బీ బయటే ఉంటుంది, బీ బయట ఉంది కాబట్టి ఏ కూడా బయటే ఉంటుంది. అంతే, కదలిక ఆగిపోతుంది. యంత్రం చెడిందనుకుంటాం. చెడలేదు, అది ఇంకో పనిముట్టయింది. చేత్తో పట్టి రెండింటినీ లోపలికి తోస్తే అలాగే ఉండిపోతాయి, మళ్లీ లాగేదాకా కదలవు. చివరిసారి ఎటు తోశామో అది గుర్తు పెట్టుకుంటుంది. ఒక జత గొట్టాల తేడాతో గడియారం జ్ఞాపకంగా మారిపోయింది. కంప్యూటర్ చిప్పుల్లోనూ లయకీ జ్ఞాపకానికీ ఈ రెండు రకాల చుట్టే ఆధారం. అక్కడ కరెంటు, ఇక్కడ గాలి, ఇక్కడైతే కంటికి కనపడుతుంది కూడా.

కాగితం మీద ఇంత తేలికగా ఉన్నది చేతిలోకొచ్చేసరికి మొరాయిస్తుంది. మీట ఒక కొస నుంచి ఇంకో కొసకి పోవాలంటే మధ్యలో ఆ మూతపడే చోటు దాటాలి. కడ్డీ మెల్లగా నెట్టుకుంటూ వచ్చి మీటని సరిగ్గా అక్కడికి తెచ్చిందనుకోండి, గాలి ఆగిపోతుంది. గాలి ఆగితే కడ్డీ ఆగుతుంది, కడ్డీ ఆగితే మీట అక్కడే నిలబడిపోతుంది. యంత్రం తన గొంతు తనే నొక్కుకున్నట్టు. దీనికి విరుగుడు రబ్బరు బ్యాండు. సగం దాకా మీటని వెనక్కి పట్టి ఉంచి, సగం దాటీ దాటగానే టక్కుమని అటు లాగేసేలా దాన్ని తగిలిస్తారు. ఇళ్లలో లైటు స్విచ్చి లోపల స్ప్రింగు చేసే పని కూడా ఇదే.

ఇంకో చిక్కు గాలి స్వభావంలోనే ఉంది. నీళ్లూ నూనే నొక్కితే నొక్కుకోవు, గాలి నొక్కుకుంటుంది. బరువున్న చెయ్యిని లేపుతుంటే ముందు కదలదు, ఒత్తిడి పేరుకుని పేరుకుని ఒక్కసారిగా ఎగిరిపడుతుంది. సగంలో ఆపుదామంటే ఊగుతూ ఉంటుంది. జేసీబీ చెయ్యి అంత నిబ్బరంగా నడవడానికి కారణం అందులో నూనె ఉండడమే. అందుకే లెగో గాలి యంత్రాలు ఈ కొస నుంచి ఆ కొసకి కొట్టే పనుల్లో బాగా రాణిస్తాయి, మధ్యలో నిలబెట్టే పనుల్లో తడబడతాయి. ఆరు కాళ్లతో నడిచే పురుగు నమూనాలు చాలామంది కట్టింది ఇందుకే. నడకంటే కాలు ఎత్తడం, జరపడం, దించడం, వెనక్కి తొయ్యడం. ఏ, బీల నాలుగు అడుగుల వరస దానికి అతికినట్టు సరిపోతుంది. ఏ కాలిని జరిపితే బీ ఎత్తి దించుతుంది.

పొదుపు మాటకొస్తే గాలిని వెనకేసుకు రావడం కష్టం. నిల్వ కోసం కొందరు లెగో ట్యాంకు చాలక కూల్‌డ్రింకు సీసాలు వాడతారు. లీటరు సీసాలో మూడు బార్ ఒత్తిడితో నింపిన గాలి నుంచి మహా అయితే 250 జౌళ్ల పని రాబట్టుకోవచ్చు. గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్లులో 9,000 జౌళ్లకి అటూ ఇటూగా ఉంటుంది. పైగా గాలిని నొక్కేటప్పుడు పంపు వేడెక్కుతుంది, ఆ వేడి ఊరికే పోతుంది. 1998లో లెగో మైండ్‌స్టార్మ్స్ కంప్యూటర్ ఇటుక వచ్చాక వాల్వు తిప్పే పని మోటారుకీ ప్రోగ్రాముకీ ఇవ్వడం తేలికైంది. అయినా గాలి ఒక్కదాంతోనే నడిపించాలన్న పట్టుదల కొందరిని వదల్లేదు.

ఆ పట్టుదల ఎంతదూరం పోయిందో 2013లో లోకం చూసింది. రుమేనియా యువకుడు రౌల్ ఓయిడా, ఆస్ట్రేలియా వ్యాపారి స్టీవ్ సమార్టినో కలిసి మనుషులెక్కే కారునే కట్టారు. 5,00,000కి పైగా లెగో ముక్కలు, గాలితో నడిచే నాలుగు ఇంజన్లు, అన్నిట్లో కలిపి 256 పిస్టన్లు. చక్రాలు, టైర్లు లాంటి కొన్నే బయటి సరుకు. రుమేనియాలో కట్టి మెల్‌బోర్న్‌కి తెచ్చి రోడ్డు మీద నడిపారు. గంటకి 20-30 కిలోమీటర్ల దగ్గరే ఆపారు, ఇటుకలు పేలిపోతాయన్న భయంతో. వీడియోలో చూడటానికి ఒళ్లు పులకరిస్తుంది. కానీ నన్నడిగితే అది ఎక్కువ చెయ్యడమే గానీ కొత్తగా చెయ్యడం కాదు. కొత్తదనం చూడాలంటే ముక్కలు తక్కువున్న చోటికే పోవాలి.

పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీల న్యూమాటిక్స్ ల్యాబులో చదివినవాళ్లు పైన చెప్పిన జంటని ఈపాటికే గుర్తుపట్టి ఉంటారు. కడ్డీ బయటికి రావడం ప్లస్, లోపలికి పోవడం మైనస్. ఏ ప్లస్, బీ ప్లస్, ఏ మైనస్, బీ మైనస్. అక్కడ స్టీలు సిలిండర్లతో చేయించే తొలి పాఠాల్లో అదొకటి. మలి పాఠం అంత తేలిక కాదు. ఏ ప్లస్, బీ ప్లస్, బీ మైనస్, ఏ మైనస్. వినడానికి చిన్న మార్పే. డ్రిల్లింగ్ యంత్రం పని ఇలాగే ఉంటుంది. ఏ ముక్కని బిగించాలి, బీ డ్రిల్లుని దించాలి, బీ డ్రిల్లుని లేపాలి, ఆ తర్వాతే ఏ బిగింపు వదలాలి. ఇందులో ‘ఏ బయట, బీ లోపల’ అన్న స్థితి రెండుసార్లు వస్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు డ్రిల్లు దిగాలి, రెండోసారి వచ్చినప్పుడు బిగింపు వదలాలి. కడ్డీలు ఎక్కడున్నాయో చూసి మాత్రమే నడిచే యంత్రానికి ఈ రెంటికీ తేడా తెలియదు. రంధ్రం వేశామా, ఇంకా వెయ్యాలా అన్నది దానికి గుర్తుండాలి.

లెగోలో దీనికి ఇంకో వాల్వు చాలు. దాని మీటని ఎవరికి పడితే వారికి అందకుండా పెట్టాలి. బీ పూర్తిగా కిందికి దిగినప్పుడే దాని కొస తగిలి మీట ఒక వైపు వాలాలి, ఏ పూర్తిగా లోపలికి వచ్చినప్పుడే ఇంకో వైపు వాలాలి. మధ్యలో జరిగే కదలికలేవీ దాన్ని తాకకూడదు. మీట ఈ రెండో వైపు ఉన్నంతసేపు గాలి ‘బిగించు, దించు’ గొట్టాలకే అందుతుంది. డ్రిల్లు అడుగంటి మీట తిరగ్గానే ఆ గొట్టాలు ఖాళీ అయిపోయి ‘లేపు, వదులు’ గొట్టాలు నిండుతాయి. బిగిశాకే దించే గాలి, డ్రిల్లు లేచాకే వదిలే గాలి వెళ్లేలా మిగతా వాల్వుల్ని ఆ దారుల్లో కూర్చుతారు. ఫ్యాక్టరీల్లో ఈ జ్ఞాపకపు వాల్వుని గాలితోనే తిప్పుతారు, ఇక్కడ కడ్డీ కొసలే తన్నుతాయి. ఈ మూడో వాల్వుకి కూడా రబ్బరు బ్యాండు తప్పనిసరి. మామూలు మీట నడుమ ఇరుక్కుంటే యంత్రం ఆగుతుందంతే. ఇది ఇరుక్కుంటే మాత్రం చేత్తో దాన్ని ఏదో ఒక వైపు తొయ్యాలి, తోసేముందు రంధ్రం పడిందో లేదో వంగి చూసుకోవాలి.