సొరంగంలో రేడియో ఎందుకు హోరెత్తింది?

అరకు ఘాట్ ఎక్కుతుంటే ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే మాయమవుతాయి కదా? నా చిన్నప్పుడు ఆ దారిలో మా దగ్గర ఫోన్ లేదు, తాతయ్య ట్రాన్సిస్టర్ ఉండేది. తాతయ్య ఆ రైలు మార్గంలోనే గ్యాంగ్‌మన్. సెలవులకి కిరండోల్ పాసింజర్‌లో కిటికీ పక్కన కూర్చుని, ఆకాశవాణి విశాఖ కేంద్రం, 927 కిలోహెర్ట్జ్ పెట్టుకుని వెళ్లేవాళ్లం.

కొత్తవలస - కిరండోల్ లైన్‌లో 58 సొరంగాలు. రైలు సొరంగంలోకి దూరగానే పాట మాయం. దాని బదులు 'హుస్స్'మని హోరు మొదలయ్యేది. బయటికి రాగానే పాట మళ్లీ అదే సౌండ్‌తో వచ్చేది. వాల్యూమ్ చక్రాన్ని ఎవరూ ముట్టుకోలేదు!

"పాడైపోయింది తాతా!"

"పాడవలేదురా. చెవులు రిక్కించి వెతుకుతోంది."

ఏదో సరదాకి అన్నాడనుకున్నా. ఇంజినీరింగ్‌లో చేరాక తెలిసింది, అది అక్షరాలా నిజమని.

927 కిలోహెర్ట్జ్ అంటే సెకనుకి 9,27,000 సార్లు ఊగే అల. మన చెవికి అది వినపడదు. స్టేషన్‌లో మాట్లాడే గొంతుకి తగ్గట్టు ఆ అల ఎత్తు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఏఎమ్ అంటే అదే. రేడియో ముందు ఆ అలని 455 కిలోహెర్ట్జ్‌కి మార్చి, పెద్దది చేస్తుంది. తర్వాత డయోడ్ అలలో సగాన్ని కోసేస్తుంది. చిన్న కెపాసిటర్ ఆ వేగమైన ఊగుడిని నున్నగా చేసేస్తుంది. మిగిలేది గొంతే. దీన్నే డిటెక్షన్ అంటారు. మన జగదీశ్ చంద్రబోస్ గెలీనా స్ఫటికంతో చేసిన డిటెక్టర్‌కి 1904లోనే అమెరికా పేటెంట్ వచ్చింది.

డయోడ్ దగ్గర గొంతుతో పాటు ఇంకో కబురూ దొరుకుతుంది. సిగ్నల్ ఎంత బలంగా ఉందన్నది. గొంతు ఎగుడుదిగుళ్లని ఇంకో పెద్ద కెపాసిటర్‌తో సగటు చేస్తే ఆ బలమే మిగులుతుంది. దాన్ని వెనక్కి, ముందున్న ట్రాన్సిస్టర్‌కి పంపుతారు. సిగ్నల్ బలంగా ఉంటే "కాస్త తగ్గు" అని, బలహీనమైతే "ఇంకా పెంచు" అని. ఇదే ఏజీసీ. 1925లో అమెరికాలో హెరాల్డ్ వీలర్ కనిపెట్టాడు.

ఇప్పుడు సొరంగం సంగతి. 927 అల పొడవు దాదాపు 324 మీటర్లు. అంత పెద్ద అల ఇరుకు సొరంగంలోకి రాలేదు. సిగ్నల్ లేదు కాబట్టి ఏజీసీ పూర్తిగా పెంచేస్తుంది. అప్పుడు పెద్దదయ్యేది రేడియో సొంత రొద, కరెంటు ఇంజను గరగర. మీ ఫోన్‌లోనూ ఏజీసీ ఉంది. పైగా టవర్ దూరమైతే ఫోన్ ఎక్కువ పవర్‌తో అరుస్తుంది. ఘాట్‌లో బ్యాటరీ అందుకే తొందరగా పడిపోతుంది. కాసేపు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి.

వానాకాలంలో కొండచరియలు ఆ లైన్‌కి పెద్ద గండం. రాత్రి పట్టాల వెంట కాపలా నడకకి వెళ్లే ముందు తాతయ్య రేడియోలో వాతావరణం వినేవాడు. ఒక ఏడాది రేడియోలో గొంతు ముద్దముద్దగా అయిపోయింది. ఒక రాత్రి 'భారీ' అన్నారో 'అతి భారీ' అన్నారో తేలలేదు. డ్యూటీ కదా, వెళ్లాడు. తెల్లారి పొద్దెక్కాక తిరిగొచ్చేదాకా అమ్మమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

తాతయ్య పోయాక ఆ రేడియో విప్పా. ఏజీసీలోని ఆ పెద్ద కెపాసిటర్, 10 మైక్రోఫారడ్‌ది, ఎండిపోయింది. సగటు చేసేది లేక ఏజీసీ ప్రతి అక్షరం వెంటా పరుగెత్తి, గట్టి మాటనీ మెల్లని మాటనీ ఒకటే చేసేస్తోంది. కొత్తది కొన్ని రూపాయలే. టంకం పెట్టి మార్చా. గొంతు స్పష్టంగా పలికింది.

అమ్మమ్మ పక్కనే కూర్చుని వార్తలన్నీ విని, మెల్లగా అడిగింది: "ఆ రోజు కూడా ఇంతేనా నాయనా, బాగుచెయ్యడానికి?"