అడవి అంచున భారజలం

వీడియో ఆటలను రూపొందించేవారికి రహస్య ప్రయోగశాల అంటే ఎనలేని మక్కువ. జనసంచారం లేని చోటు, చుట్టూ ముళ్లకంచె, భూగర్భంలోకి దిగే మెట్లు, గాజు గొట్టాలలో పచ్చగా వెలిగే ద్రవం, తెల్లకోటు తొడిగిన దుష్టశాస్త్రవేత్త - ఇవి ఉంటే చాలు, కథ నడుస్తుంది. 1998లో వెలువడిన ‘హాఫ్ లైఫ్’ అనే ఆటలో అమెరికాలోని న్యూమెక్సికో ఎడారిలో ‘బ్లాక్ మెసా’ అనే పరిశోధనాకేంద్రాన్ని కల్పించారు. అక్కడ ఒక ప్రయోగం వికటించి లోకమంతా తలకిందులవుతుంది. ఆ కేంద్రం ఎక్కడా లేదు. అయితే 2018లో వచ్చిన ‘బాటిల్‌ఫీల్డ్ ఫైవ్’ అనే ఆటలోని ఒక ఘట్టానికి మాత్రం నిజమైన కర్మాగారం ఆధారం. నార్వేలోని వెమోర్క్‌లో కొండలోయ అంచున ఉన్న ఆ కర్మాగారంలో తయారైన వస్తువే భారజలం. అదే వస్తువు ఖమ్మం, భద్రాచలం అడవుల అంచున, గోదావరి ఒడ్డున కూడా తయారవుతోంది.

వెమోర్క్ కథ ఆటకన్నా ఆశ్చర్యకరమైనది. రెండవ ప్రపంచయుద్ధంలో నార్వేను ఆక్రమించిన జర్మనీ అణుపరిశోధనల కోసం అక్కడి భారజలాన్ని తరలించుకుపోసాగింది. దానిని ఆపడానికి 1942 నవంబరులో వచ్చిన బ్రిటిష్ సైనికుల ప్రయత్నం విషాదాంతమైంది. ప్రమాదం నుండి బయటపడినవారిని సైతం జర్మన్లు చంపివేశారు. 1943 ఫిబ్రవరిలో నార్వే యువకులు తొమ్మిదిమంది మంచులో లోయ దిగి, ఎదుటి కొండ ఎక్కి, లోపలి పాత్రలను పేల్చివేసి వెనుదిరిగారు. ఒక్క తుపాకీ గుండు కూడా పేలలేదు. ఆటలో ఈ సాహసమంతా తన తల్లిని వెదుకుతూ వచ్చిన ఒక యువతికి అప్పగించారు. తుపాకుల మోతకూ లోటు లేదు. ఆటకు అది అవసరమే కావచ్చు. కాని మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, మిగిలిన భారజలాన్ని తీసుకుపోతున్న పడవను సరస్సులో ముంచివేసినప్పుడు 18 మంది మరణించారు. వారిలో ఎక్కువమంది నార్వే ప్రజలే. ఆ బాధను ఏ ఆటా పూర్తిగా చూపలేదు.

ఇంతకూ భారజలం అంటే ఏమిటి? నీటిలోని హైడ్రోజన్ పరమాణువులలో 6,500కు పైగా లెక్కిస్తే ఒకటి మిగతావాటికంటే రెట్టింపు బరువుగా ఉంటుంది. దాని పేరు డ్యుటీరియం. 1931లో హెరాల్డ్ యూరీ దానిని కనుగొని, 1934లో నోబెల్ బహుమతి పొందాడు. డ్యుటీరియంతో ఏర్పడిన నీరే భారజలం. అది పచ్చగా వెలగదు. రేడియోధార్మికత కలది కాదు. చూపుకు మామూలు నీరే. దాని మంచుగడ్డను మాత్రం మంచినీటి గ్లాసులో వేస్తే తేలక మునిగిపోతుంది. అణురియాక్టరులో న్యూట్రాన్ల వేగాన్ని తగ్గిస్తూనే, వాటిని అతి తక్కువగా మింగడం దీని ప్రత్యేకత. అందువల్ల శుద్ధి చేయని సహజ యురేనియంతోనే విద్యుత్తు తీయవచ్చు.

మనదేశానికి ఇది అత్యవసరమైంది. 1962లోనే నంగల్‌లో మొదటి భారజల కర్మాగారం వెలసినా ఆ ఉత్పత్తి చాలలేదు. 1974లో పోఖ్రాన్‌లో అణుపరీక్ష జరిగిన తరువాత కెనడా తన సహకారాన్ని ఉపసంహరించుకొంది. భారజలాన్ని సోవియట్ దేశం నుండి కొనవలసివచ్చింది. స్వయంగా తయారుచేసుకోవడం తప్ప మార్గం లేని ఆ పరిస్థితులలోనే కోటలోను, తరువాత నాటి ఖమ్మం జిల్లా అశ్వాపురం వద్దను స్వదేశీ పరిజ్ఞానంతో కర్మాగారాలు నిర్మించారు. మణుగూరు భారజల కర్మాగారంగా పేరొందిన ఈ రెండవది 1991లో ఉత్పత్తి ప్రారంభించింది. 2016 నుండి ఈ ప్రాంతం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. స్థలాన్ని ఎంచుకొన్న తీరు గమనింపదగినది. నీటికి గోదావరి, ఆవిరికీ విద్యుత్తుకూ పక్కనే సింగరేణి బొగ్గు.

ఇక్కడి పద్ధతి చెప్పడానికి తేలిక, చేయడానికి కష్టం. ఎత్తైన స్తంభాలలో పైనుండి నీరు దిగుతుంది, కిందినుండి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పైకి పోతుంది. సుమారు 30 డిగ్రీల చల్లని స్తంభంలో డ్యుటీరియం వాయువును విడిచి నీటిని చేరుతుంది. 130 డిగ్రీల వేడి స్తంభంలో నీటిని విడిచి వాయువును చేరుతుంది. ఈ రాకపోకలను మళ్లీమళ్లీ సాగించి నీటిని చిక్కబరచి, చివర బట్టీపట్టి 99.8 శాతం శుద్ధికి తెస్తారు. ఒక కిలో భారజలం ఇమిడి ఉన్న నదీజలం దాదాపు ఆరువేల కిలోలు. అందులోనూ ఐదోవంతుకు మించి చేతికి దక్కదు గనుక, ఒక కిలో కోసం ముప్ఫైవేల కిలోల నీటిని ఆడించాలి. ఆటలో గాజు సీసా దొరికినంత సులభం కాదు.

అసలు ప్రమాదం భారజలంలో లేదు, ఆ వాయువులో ఉంది. కుళ్లిన గుడ్ల వాసన గల హైడ్రోజన్ సల్ఫైడ్‌ను మనిషి ముక్కు లేశమాత్రంగా ఉన్నా పసిగడుతుంది. కాని గాలిలో పదిలక్షల పాళ్లకు నూరు పాళ్లు చేరితే ఆ ముక్కే మొద్దుబారుతుంది. వాసన పోయింది, గండం గడిచింది అని భ్రమపడితే ప్రాణానికే ముప్పు. అయిదువందల పాళ్లు దాటితే నిమిషాలలో కూలిపోవచ్చు. పైగా అది గాలికన్నా బరువైనది కనుక పల్లపు చోట్లలో నిలుస్తుంది. అందుచేత అటువంటి వాయువు వెలువడినప్పుడు పల్లంలోకి పరుగెత్తరాదు. గాలి ఎటు వీస్తున్నదో చూసుకొని, దానికి అడ్డంగా ఎత్తైన చోటికి వెళ్లాలి. ఈ సంగతి కర్మాగారంలోని ఇంజనీరుకు ఎంత అవసరమో, చుట్టుపక్కల గూడెంలో పశువులు మేపే పిల్లవానికీ అంతే అవసరం. రహస్య ప్రయోగశాల ఆటలో ఊరివారికి ఏమీ తెలియకపోవడమే కథకు బలం. ఇక్కడ ఊరివారికి తెలియడమే రక్షణ.

ఈ కర్మాగారం భారజలంతోనే ఆగలేదు. నీటిలోని ఆక్సిజన్‌లో కూడా అరుదుగా ఒక బరువైన రకం ఉంది. అది అధికంగా గల నీటిని సైతం మణుగూరులో ఉత్పత్తి చేస్తున్నారు. ఆ నీటిని సైక్లోట్రాన్ అనే యంత్రంలో ఉంచి ప్రోటాన్లతో తాకిస్తే ఫ్లోరిన్ 18 పుడుతుంది. కాన్సర్ ఒంటిలో ఎక్కడెక్కడ వ్యాపించిందో చూపే పెట్ స్కాన్‌కు అదే ఆధారం. దాని బలం 110 నిమిషాలకు సగం తగ్గిపోతుంది. అందుకే దానిని తయారుచేసిన వెంటనే వాహనంలో ఆసుపత్రికి పరుగెత్తించవలసి ఉంటుంది.