పాత ఫోనుకు రెండు తాళాలు

ఉద్దానం ఊళ్ళ నుంచి మగవాళ్ళు చాలామంది పనులకు దూరం పోతారు. పోతూ పోతూ పాత ఫోను ఇంట్లో ఆడవాళ్ళకు ఇస్తారు.

ఆ ఫోనుకు రెండు తాళాలు. ఒకటి కంటికి కనపడేది. తెర మీద గీసే గీత, లేదా నొక్కే అంకెలు. రెండోది లోపల ఉంటుంది. అది పాత మనిషి గూగుల్ ఖాతా.

గీత మరచిపోతే కొందరు పక్క బటన్లు నొక్కి ఫోనంతా చెరిపేస్తారు. ఫొటోలు పోతాయి. గీత పోతుంది. ఖాతా తాళం మాత్రం పోదు. "ఇదేటి, మళ్ళీ అడుగుతోంది!" అనుకుంటారు. ఈ తాళం 2015లో ఆండ్రాయిడ్ ఫోన్లకు వచ్చింది. ఎత్తుకుపోయిన ఫోను దొంగకు పనికిరాకూడదని పెట్టారు. పాపం, ఇల్లాలెవరో దొంగెవరో ఫోనుకు తెలీదు.

అందుకే ఇచ్చే మనిషి ఊళ్ళో ఉండగానే పని చేయించుకోవాలి. ముందు ఫొటోలు, నంబర్లు వేరేచోట దాచాలి. తర్వాత సెట్టింగ్స్‌లో అకౌంట్స్ తెరిచి పాత ఖాతా తీసేయాలి. గీత కూడా తీసేయాలి. ఫోను చెరపడం ఆఖరున. అదీ సెట్టింగ్స్ లోపలి నుంచే. వెంటనే కొత్త తాళం పెట్టుకోవాలి. డ్వాక్రా డబ్బు సంగతులు, బ్యాంకు మెసేజీలు అందులోకే వస్తాయి మరి.

ఇప్పటికే తాళం పడిపోతే? పాత ఖాతా, దాని పాస్‌వర్డ్ కొడితే తెరుచుకుంటుంది. అవి గుర్తులేకపోతే కొన్న బిల్లు పట్టుకుని కంపెనీ సర్వీసు సెంటరులో అడగాలి. తాళం విప్పుతామని ఎవరైనా ఓటీపీ అడిగితే చెప్పకూడదు. చెప్పి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి.

పలాసలోనో ఇచ్ఛాపురంలోనో పాత ఫోను కొంటే, డబ్బు ఇవ్వకముందే ఆన్ చేసి చూడాలి. పాత ఖాతా అడిగితే అది దొంగ ఫోను కావచ్చు. వద్దని వచ్చేయాలి.