అంబాసిడర్, మారుతి: ఇద్దరూ ప్రభుత్వ సంతానమే

దేశ రాజధానిలో చాలాకాలం మనిషికంటె ముందు కారునే గుర్తుపట్టేవారు. తెల్లని అంబాసిడర్, పైన ఎర్రదీపం, వెనుక కిటికీలకు తెరలు కనిపిస్తే చాలు, కావలివారి చేతులు వాటంతటవే సెల్యూటుకు లేచేవి. 2001 డిసెంబరు 13న ఉగ్రవాదులు పార్లమెంటు ఆవరణలో ప్రవేశించినది అటువంటి కారులోనే. ఎర్రదీపం బిగించి, హోంశాఖ చీటీ అంటించి తెచ్చారు. తుపాకులకంటె ముందు వారికి అక్కరకు వచ్చినది ఆ కారుకు ఇక్కడ ఉన్న పరువు.

బ్రిటిష్ మారిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాను తెచ్చి హిందుస్థాన్ మోటార్స్ 1957లో కలకత్తా చెంత ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీకి పూనుకున్నది. గతుకుల బాటలకు తట్టుకునేది; ఏ తాలూకా కేంద్రంలోని మెకానిక్కయినా బాగుచేయగలిగేవాడు. ఒక పెళ్లివారు పట్టేంత చోటు కూడాను! అయితే లైసెన్సుల రోజులలో కారు కోరినవారు ఏండ్ల తరబడి నిరీక్షించవలసి వచ్చేది. పోటీ లేనిచోట కొత్తదనం దేనికి?

1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ తొలి మారుతి 800 తాళపుచెవిని ఒక ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగికి అందజేశారు. 796 సి.సి. ఇంజను, అంబాసిడర్ కంటె పొడవులో సుమారు ఒక మీటరు తక్కువ. అంబాసిడర్‌లో గౌరవస్థానం వెనుక సీటు. మారుతిలో యజమానియే సారథి. అసలు మార్పు ఇదే.

మొదటిది సర్కారుకు, రెండవది స్వేచ్ఛకు ప్రతీకలని చెప్పడం రివాజు. ఈ వాదం నాకు సమ్మతం కాదు. సంజయ్ గాంధీ నెలకొల్పిన మారుతి సంస్థ ప్రజలకు కార్లు అందించలేక చతికిలబడగా, 1980లో పార్లమెంటు చట్టం ద్వారా ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకున్నది. 1982లో జపాను సుజుకీతో ఒడంబడిక కుదుర్చుకున్నది. ఒక బిడ్డను పోటీ సోకకుండా సాకిన తల్లియే, మరొక బిడ్డను దానిపై పోటీకి దింపింది. మధ్యతరగతికి మేలు జరిగిన మాట నిజమే. ఉత్తరపారా కార్మికుని సంగతి ఉభయ సభలలో ఎవరికి పట్టింది?

మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగింది. అదే ఏడాది మేలో అంబాసిడర్‌దీ ఆగింది. మొదటిదానిని ఆపిన సంస్థకు వేరే కార్లున్నవి. ఉత్తరపారాలో కర్మాగారమే మూతపడింది. 2017లో అంబాసిడర్ పేరును ఫ్రెంచి సంస్థ ప్యూజో 80 కోట్ల రూపాయలకు కొన్నది. ఆ సొమ్ముతో ఉద్యోగుల, ఋణదాతల బకాయిలు తీరుస్తామని అమ్మినవారు ప్రకటించారు.